పై వంత, కింది వంత

నేను ‘రి’ మీద ఉన్నాను. అది ‘ప’ మీదకొచ్చి నిలబడింది. రెండూ కలిసిన చోట మూడో గొంతేదో సన్నగా మోగినట్టయింది, మా ఇద్దరిదీ కానిది. డాబా మీంచి కొబ్బరి మట్టలు దాటుకుని కాలవ అవతలికి పోయింది. పిట్టగోడ మీద కూర్చున్న మా బావమరిది చేతిలోని అరిసె నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. మహా అయితే రెండు క్షణాలు. తర్వాత నేను తడబడి దాని స్వరంలోకే జారిపోయాను, పాట మళ్ళీ మామూలు పాటైపోయింది. ఆ రెండు క్షణాల రుచి తెలిశాక మాత్రం, దాచుకోవడం దేనికి, మామూలు పాట మీద నాకు కాస్త చిన్నచూపు వచ్చింది.

‘అది’ అంటే మా అన్నయ్య కూతురు. యొకొహామాలో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చింది. కనుమ నాడు పగలంతా జగ్గన్నతోటలో పదకొండు ప్రభలూ చేరే తీర్థం చూసొచ్చాం. చెవుల్లో డోళ్ళ మోత ఇంకా తగ్గలేదు. రాత్రి డాబా మీద చాపలు పరిచి, బ్లూటూత్ స్పీకరూ రెండు మైకులూ పెట్టి ‘ట్రాక్ సింగింగ్’ మొదలుపెట్టాం. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా పిలిచే రోజులు పోయాక మా వైపు అందరూ ఇలాగే పాడుతున్నారు. మా వాళ్ళంతా ఘంటసాలనీ బాలుగారినీ వరసపెట్టి పిలుస్తుంటే అది మాత్రం ఫోన్లో జపాన్ పాటలు వెతుకుతోంది. “బాబాయ్, నువ్వు నా వరస పాడకు. నీ వరస నువ్వు పాడు” అంది. అదేం మాటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ట్రాక్ అనే ఈ ఏర్పాటు పుట్టిందే జపాన్‌లో. కోబె నగరంలో డైసుకె ఇనౌయె అనే వాద్యగాడు 1971లో పెట్టె తయారు చేసి బార్లకి అద్దెకిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు, పాపం. 2004లో ఆయనకి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపించినందుకట. వాళ్ళు దీన్ని ‘కరఒకె’ అంటారు. ‘కర’ అంటే ఖాళీ, ‘ఒకె’ అంటే ఆర్కెస్ట్రాలో మొదటి ముక్క. ఖాళీ మేళం. మేళం ఉంది, పాడేవాడి చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో ఇద్దరు పట్టాలంటే ఎలాంటి పాట కావాలి? రాత్రంతా మా ఇద్దరి గొడవా అదే.

ఇలా రెండో వరస పాడటాన్ని వాళ్ళు ‘హమోరి’ అంటారట. హార్మొనీ అన్న మాటని నమిలి, కొరికి, తమదిగా చేసుకున్నారు. పై వరస పాడితే ‘ఉఎ హమో’, కింది వరస పాడితే ‘షిత హమో’. ఇది వినగానే మనకున్న మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. వంత! బుర్రకథలో కథకుడికి ఇటొకడు అటొకడు, రాజకీయం చెప్పే వంత, హాస్యం చెప్పే వంత. వాళ్ళు లేకపోతే కథకుడు తంబురా పట్టుకున్న ఒంటరివాడు. అంత గొప్ప మాటని మనం ఏం చేశాం? “వాడికి వీడు వంత పాడుతున్నాడు” అని రాజకీయాల్లో తిట్టుగా మార్చుకున్నాం. రెండో గొంతంటే భజన చేసే గొంతని ఖాయం చేసేశాం. రెండో గొంతు మొదటి గొంతు మాటకి తల ఊపదు. అది పక్కన నిలబడి వేరే మాట చెబుతుంది, ఆ వేరే మాట వల్ల మొదటిది నిజమవుతుంది. అందుకే హమోరికి నేను వంత అనే అంటాను. పై వంత, కింది వంత. ఎవరేమనుకున్నా సరే.

అసలు సంగతికి వస్తాను. జపాన్ వాళ్ళ పాత జనరంజక గీతాల్లో ‘యొనానుకి’ అనే స్వరవరస బాగా వాడుకలో ఉంది. ‘యొ’ అంటే నాలుగు, ‘నా’ అంటే ఏడు, ‘నుకి’ అంటే తీసివేత. ఏడు స్వరాల్లో నాలుగోదీ ఏడోదీ తీసెయ్యి. మన లెక్కలో నాలుగోది మ, ఏడోది ని. అవి తీసేస్తే మిగిలేది స రి గ ప ద. అది మోహనం! పిల్ల ఈ మాట చెప్పగానే నేను చాప మీంచి లేచి కూర్చున్నాను. నాలుగువేల మైళ్ళ అవతల కూర్చుని వాళ్ళు అంకెలేసి తీసేసినదీ, మనవాళ్ళు ఆరోహణ అవరోహణల్లో చెప్పుకున్నదీ ఒకే ఐదు స్వరాలు. క్యు సకమొతొ 1961లో పాడిన ‘ఉఎ ఒ ముయితె అరుకో’ ఎత్తుగడ వినండి. 1963లో ‘సుకియాకి’ అని పేరు మార్చి అమెరికాలో అమ్మితే అక్కడ మొదటి స్థానానికి ఎక్కింది. ఆ ఎత్తుగడ మోహన స్వరాల్లోనే నడుస్తుంది. మన ఊళ్ళో ఎవరికి వినిపించినా భాష తెలియకుండానే కూనిరాగం తీస్తారు.

వంతకి మోహనం ఎందుకంత లొంగుతుందో ఆ రాత్రి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఒక గొంతు పాడే స్వరానికి మధ్యలో ఒకటి వదిలేసి ఆ పైది రెండో గొంతు పట్టాలి. స పాడితే గ. రి పాడితే ప. గ పాడితే ద. ప పాడితే పై స. ద పాడితే పై రి. ఇక వాటి మధ్య ఎడం చూడండి. రి-ప, గ-ద, ప-స, ద-రి, ఈ నాలుగు జంటల మధ్యా స నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత ఎడమే ఉంది. మన లక్షణకారులు సంవాదం అన్నది దీన్నే. మిగిలిన స-గ జంట అనువాదం. వాది రాజు, సంవాది మంత్రి, అనువాది పరివారం, వివాది శత్రువు అని పాత గ్రంథాలు పోలిక చెబుతాయి. మన లెక్కలో నలుగురు మంత్రులు, ఒక పరిజనుడు, శత్రువు ఒక్కడూ లేడు. ఎందుకు లేడంటే, గ పక్కనే ఆనుకుని కూర్చునే మ, స పక్కనే ఆనుకుని కూర్చునే ని, ఆ ఇద్దరూ ఇంట్లోనే లేరు. ఇరుకు తెచ్చేది వాళ్ళే. వాళ్ళు లేని ఇంట్లో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నా పేచీ రాదు. తప్పు చేయడానికి కూడా చోటు లేని రాగమిది. నాలాంటి వాడు ‘రి’ దగ్గర తత్తరపడి ‘ప’ బదులు ‘ద’ పట్టినా అదీ బాగానే మోగింది. మోహనం మనిషిని క్షమిస్తుంది.

రెండో కారణం భాష. తెలుగు అజంత భాష అని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు, అదో బిరుదులా విన్నాం. దాని ఉపయోగం జపాన్ పాట పాడితే తెలిసింది. వాళ్ళ మాటలూ దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. మహా అయితే చివర ఒక ‘న్’. అందుకే పిల్ల తెలుగులో రాసిచ్చిన కాగితం చూసి జపాన్ పాట చదువుతుంటే నా నాలుక ఎక్కడా మడత పడలేదు. ఇద్దరు గొంతు కలిపి పాడేటప్పుడు హల్లు మీద ఆగితే ఒకడు ముందు ఆగుతాడు, ఒకడు వెనక ఆగుతాడు, ‘స్‌స్‌’ మని చీలిక వినిపిస్తుంది. అచ్చు మీద ఆగితే రెండు గొంతులూ ఒకే నోటి ఆకారంలో కరిగిపోతాయి. చివరి ‘ఆ’ దగ్గర ఇద్దరం నోరు ఒకేలా తెరిస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

ఇక ఆ రాత్రి విన్నవీ పాడినవీ. మొదట ‘గింజా నో కొయి నో మొనొగతరి’, 1961 నాటిది. యూజిరొ ఇషిహరా, జున్కొ మకిమురా పాడారు. ఆడమనిషి ఒక పాదం, మగవాడు ఒక పాదం, చివర్లో ఇద్దరూ కలవడం. ఇది వినగానే మా బావమరిది “ఇది మన యుగళగీతమేనండి” అనేశాడు. నిజమే. హాయిగా ఉంటుంది, ఎవరి వంతు వాళ్ళు పాడి మైకు ఇచ్చెయ్యొచ్చు. వంత నేర్చుకోవడానికి మాత్రం పనికిరాదు. వంతులు వేరు, వంత వేరు.

తర్వాత యూజు జోడీ. యుజిన్ కితగవా, కోజి ఇవసావా, ఇద్దరూ యొకొహామా వాళ్ళే. వీధిలో, మూసేసిన దుకాణం ముందు గిటార్లు పట్టుకుని పాడి పైకొచ్చారు. 1998 నాటి ‘నత్సుఇరో’ వాళ్ళ పేరు నిలబెట్టింది. సైకిలు వెనక అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఎండాకాలం వాలులో దిగే పాట. మా కోనసీమలో వాలంటే ఏటిగట్టు దిగడమే, మూడు తొక్కుళ్ళలో అయిపోతుంది. అయినా ఆ పాటలోని గాలి నాకు తెలుసు. ఇవసావా గొంతు సన్నగా, కొబ్బరాకు అంచులా పైన కోసుకుంటూ పోతుంది. పాట జోరుగా ఉంటుంది కనక వంత తప్పినా జోరులో కొట్టుకుపోతుందని పిల్ల ధైర్యం చెప్పింది. నేను తప్పాను, కొట్టుకుపోయింది కూడా. కాకపోతే అంత జోరులో తప్పుతో పాటు అందమూ కొట్టుకుపోతుంది. ఏ రెండు స్వరాలు ఎక్కడ కలిశాయో చెవి చూసుకునే లోపలే పాట మలుపు తిరిగిపోతుంది.

నా మనసుకు పట్టింది కొబుకురో వాళ్ళ ‘ఎయెన్ ని తొమొ ని’, 2004 నాటిది. అక్కడ పెళ్ళిళ్ళలో దీన్ని పాడుకుంటారు. షున్సుకె కురొదా గొంతు లోతైన కాలవ, నిండుగా కదలకుండా పారుతుంది. కెంతారొ కొబుచి దాని మీద పై వంత వేస్తాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ముఖ్యమైన మాట దగ్గర స్వరం నిలబడిపోతుంది. రెండు మాత్రలు, మూడు మాత్రలు, కదలకుండా. కింది గొంతు అలా నిలబడింది కాబట్టే పై గొంతుకి వచ్చి వాలడానికి కొమ్మ దొరుకుతుంది. వాలాక కొమ్మ ఇంచుక ఊగుతుంది, చూడండి, ఆ ఊపే అందం. కదిలే కొమ్మ మీద పిట్ట వాలలేదు.

ది పీనట్స్ అనే కవల అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పకపోతే పాపం. ఎమి ఇతొ, యుమి ఇతొ. 1959లో మొదలుపెట్టి 1975లో మానేశారు. 1961 నాటి ‘మొత్రా’ సినిమాలో అంగుళాల పొడుగు దేవకన్యలుగా కనిపించింది వీళ్ళే. 1963లో పాడిన ‘కొయి నో వకాన్సు’ సోవియట్ దేశంలో కూడా పాకిపోయింది. రెండు గొంతులూ ఒకే పోత. ఒకటి పైన, ఒకటి కింద, ఎక్కడా అతుకు కనబడదు. వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఐతే పాడుకోవడానికి దీన్ని ఎంచుకోకండి. ఒకే తల్లి కడుపున ఒకేసారి పుడితే తప్ప ఆ కలయిక రాదు. మా ఇద్దరి గొంతులూ దాని మీద పెడితే నీళ్ళూ నూనే అయ్యాయి. నాకు మటుకు నీళ్ళూ నూనే కనబడే పాటలే ఇష్టం. రెండని తెలుస్తూ ఒకటవ్వడంలోనే కదా రుచి.

ఇక్కడ మన పాటల మాట రాక తప్పదు. మన యుగళగీతాలు ప్రపంచంలో ఎవరికీ తీసిపోవు, కానీ వాటిలో ఎక్కువ భాగం ఉత్తర ప్రత్యుత్తరాలు. ఆమె అడుగుతుంది, అతను చెబుతాడు. కలిసిన చోట ఇద్దరిదీ ఒకే వరస. ‘నాటు నాటు’ తీసుకోండి. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ కలిసి ఒకే వరసని రెండు గునపాల్లా దించుతారు. అందులో వంత పెట్టబోతే దెబ్బ బలం తగ్గుతుంది. 2022 అక్టోబరులో ఆ పాట ఉన్న సినిమా జపాన్‌లో విడుదలైనప్పుడు మా పిల్ల అక్కడే చూసింది. ఆ పాటని ఒక్క వరసలోనే పాడాలని నాతో వాదించింది, నేను ఒప్పుకున్నాను.

మనకి వంత రాకపోవడానికి కారణం గమకం. స్వరం ఊగాలి, దాని పక్క స్వరాన్ని తాకి రావాలి. ఒక గొంతు ఊగితే అందం. రెండు గొంతులు రెండు ఎత్తుల్లో ఊగితే గుద్దుకుంటాయి. మా రాజోలు తాలూకా శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు భీమ్‌సేన్ జోషితో జుగల్బందీ చేస్తే, ఒకరు పాడుతుంటే ఒకరు విని, ఆ వినడాన్ని మళ్ళీ పాటగా తిరిగిచ్చారు. అది వేరే మర్యాద, దానికి దణ్ణం పెడతాను. జపాన్ వాళ్ళకీ ఇలాంటిది ఉంది. ఎంక అనే వాళ్ళ పాతకాలపు పాటల్లో ‘కొబుషి’ అని గొంతు తిప్పడం ఉంటుంది, మన గమకానికి దగ్గరి చుట్టం. ఆ తిప్పులు ఎక్కువున్న పాటలకి వాళ్ళూ వంత పెట్టలేరు. కాబట్టి తేడా దేశానిది కాదు. పాట ఊగుతుందా, నిలబడుతుందా అన్నదే.

శ్రుతి కూడా ఇబ్బందే. నాకు ఒకటి శ్రుతి సుఖం, పిల్లకి ఐదున్నర. మధ్యలో ఎక్కడ పెట్టినా ఒకరు అరవాలి, ఒకరు గొణగాలి. వంతలో ఈ తగాదా తీరిపోతుంది. వరస ఎవరికి సుఖంగా ఉందో వాళ్ళకి ఇచ్చెయ్యడం, రెండోవాళ్ళు తమకి అందే ఎత్తులో పైనో కిందో వంత పట్టడం. ఇద్దరూ ఒకే స్వరం కోసం పెనుగులాడక్కర్లేదు. ఫోన్లో ట్రాకు శ్రుతి అర తగ్గించి, మళ్ళీ అర పెంచి, మా ఇద్దరికీ కుదిరేసరికి వీధిలో కుక్కలు కూడా పడుకున్నాయి.

అప్పుడు పెట్టాను ‘లాహిరి లాహిరి లాహిరిలో’. 1957 ‘మాయాబజార్’. పింగళి మాట, ఘంటసాల, పి. లీల గొంతులు, మార్కస్ బార్ట్లీ పట్టిన వెన్నెల. మోహనం. నిదానం. పడవ పాట. అందులో ఒక చిత్రం చూశారా, మూడు జంటలు పడవలో వెళతాయి. అభిమన్యుడూ శశిరేఖా, కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ. మూడు జంటలకీ ఆ రెండు గొంతులే. గొంతు ఎవరిదో మనం అడగం. వెన్నెల ఎవరిదని అడుగుతామా? తెడ్డు పడినట్టు, తీసినట్టు నడక. పల్లవి చివర స్వరం నిలబడుతుంది, అచ్చు మీద నిలబడుతుంది. వంతకి కావలసిన కొమ్మ, కావలసిన వాలు, అన్నీ సిద్ధంగా పెట్టి ఉంచారు. ఎవరూ వచ్చి కూర్చోలేదంతే. పిల్ల వరస నాకిచ్చి తను పై వంత అందుకుంది. మొదటి పేరాలో చెప్పిన ‘రి’, ‘ప’ ఆ పాటలోవే. ఆ పక్క స్వరం మోగగానే ‘రి’ అన్నది నాకు కొత్తగా వినబడింది. అరవై ఏళ్ళుగా వింటున్న పాటలో ఒక గది ఉందనీ, దాని తలుపు ఇన్నాళ్ళూ మూసి ఉందనీ తెలిసింది.

ఆ ఊపులో ‘అన్వేషణ’లో ‘కీరవాణి’ పెట్టి పరువు తీసుకున్నాం. 1985 నాటి ఇళయరాజా పాట. ప్రాణం పెట్టి కట్టాడు. కానీ కీరవాణి రాగంలో శుద్ధ ధైవతానికీ కాకలి నిషాదానికీ మధ్య పెద్ద గంతు ఉంది. ఒంటిగా పాడేవాడికి ఆ గంతే సొగసు. వంత పాడేవాడు వరస కింద ఆ గంతు వేయాల్సి వచ్చినప్పుడు బోర్లా పడతాడు. బాలుగారూ జానకమ్మగారూ పాడినట్టు వంతులు వేసుకుని పాడుకోండి చాలు. ‘సాగర సంగమం’లో ‘మౌనమేలనోయి’ జోలికి అసలు పోలేదు. అందులో మాటకీ మాటకీ నడుమ వదిలిన ఖాళీయే పాట. అక్కడ ఇంకో గొంతు పెట్టడం నిద్రపోతున్న పిల్లని లేపినట్టు.

నాలుగు రోజులకి పిల్ల వెళ్ళిపోయింది. నరసాపురంలో రైలు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. మోటారు సైకిళ్ళు, గెలల బుట్టలు, ఒక ఆటో. ఇంజను ఒకే స్వరం మీద గుర్రుమంటోంది. పిల్ల చెవి పెట్టి విని, “బాబాయ్, దీనికి శ్రుతి ఉంది” అంది. ట్రాకు లేదు, మైకు లేదు. వశిష్ఠ గోదావరి మధ్యకి వచ్చేసరికి ఆ గుర్రు మీదే లాహిరి ఎత్తుకున్నాం. నేను వరస, అది పై వంత. ఈసారి జారలేదు. రెండు పల్లవులు నిలబడ్డాం. నీళ్ళ మీద గొంతు ఎంత దూరం పోతుందో ఆ వేళ తెలిసింది.

పక్కనే అరటి గెలలతో కూర్చున్న పెద్దాయన చివరిదాకా విన్నాడు. “ఆయ్, గొంతులు బాగున్నాయండి” అన్నాడు. కాస్త ఆగి, మొహమాటంగా, “కానండి, పాప ఒకటి పాడుతుంటే తమరొకటి పాడుతున్నారేంటండి? ముందు ఇద్దరూ ఒకటే నేర్చుకోవాల్సిందండి” అన్నాడు.

ఆయన తప్పేం లేదు. మేం చేయాల్సింది మొదటి పల్లవి ఇద్దరం ఒకే వరసలో పాడి, రెండోసారి విడిపోవడం. మీరు డాబా మీద పాడినా పంటు మీద పాడినా ఆ క్రమం తప్పకండి. విననివాళ్ళకి కొత్త పాట మీద వంత వినిపించకండి. ఊరంతటికీ నోటికొచ్చిన మోహనం పాటే ఎంచుకోండి. వరస వాళ్ళ మనసులోనే నడుస్తుంటుంది, మీరు దాని పక్కకి వెళ్ళి నిలబడితే చాలు.